ఎముక ఒప్పుకున్న లోహం

బుచ్చిరెడ్డిపాలెంలో కట్టుడు పళ్లు పెట్టుకున్న పెద్దవాళ్లను ఎవరినైనా కదిలించండి. పైసెట్టు గురించి పెద్దగా ఫిర్యాదు ఉండదు. కిందిసెట్టు మాట ఎత్తితే చాలు, కష్టాలన్నీ బయటికొస్తాయి. మాట్లాడుతుంటే లేస్తుంది. నములుతుంటే పక్కకు జరుగుతుంది. చేపల పులుసులోని సన్నముల్లు దాని కిందికి చేరిందా, ఆ పూట భోజనం అక్కడితో సరి. మనుగుబూలు, చెరకుముక్క, దోరజామకాయ ఎప్పుడో వదులుకున్నవి. వేలు పోసి కట్టించుకున్న సెట్టు చాలా ఇళ్లలో గూట్లో ఉంటుంది. పెళ్లిళ్లకూ ఫొటోలకూ మాత్రం నోట్లోకి వస్తుంది. మొలగొలుకుల అన్నాన్ని మజ్జిగలో మెత్తగా పిసికి మింగే తాతలు, ఆకూవక్కా చిన్నరోట్లో దంచుకునే అవ్వలు మన చుట్టూ ఇంకా ఉన్నారు. వాళ్ల ఇబ్బందికి దారి దొరికి అరవై ఏళ్లయింది. అది దొరికిన తీరు తెలుసుకోదగ్గది.

కిందిసెట్టు నిలవకపోతే కట్టిన డాక్టరును తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు ఆయనది కాదు, నోటి నిర్మాణమే అంత. పైసెట్టు అంగిలినంతా కప్పుతుంది. మధ్యలో ఉమ్మి పల్చటి పొరగా పరుచుకొని, తడిసిన రెండు గాజుపలకలు అంటుకున్నట్టు దాన్ని పట్టి ఉంచుతుంది. కింద అంత జాగా లేదు. అటు బుగ్గ కండరాలు, ఇటు ఊరుకోని నాలుక, ఆ రెంటి నడుమ సన్నటి చిగుళ్ల గట్టు. సెట్టుకు ఆధారం అదొక్కటే. ఆ గట్టయినా ఉన్నట్టు ఉండదు. పంటివేరు ఉన్నంతకాలం నమిలే ఒత్తిడి ఎముకకు అందుతూ దాన్ని నిలబెడుతుంది. పన్ను పోయిన రోజు నుంచి ఆ ఎముక కరగడం మొదలవుతుంది. ఆంట్యే టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు సెట్లు వాడేవారి దవడలను 25 ఏళ్ల మేర గమనించి 1972లో ఫలితాలు ప్రకటించారు. ముందుభాగంలో కిందిదవడ గట్టు పైదవడ కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగిపోయింది. ఇవాళ సరిగ్గా కూర్చున్న సెట్టు అయిదేళ్లకు వదులవడం అందుకే. సెట్టు మారలేదు, దాని కింద నేల కుంగిపోయింది.

గాంధీజీ కూడా కట్టుడు పళ్లను భోజనానికి మాత్రమే పెట్టుకొని, తర్వాత తీసేసేవారు. 1921లో ఆయన చేతుల మీదుగా ప్రారంభమైన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం మన నెల్లూరు జిల్లాలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడులో ఉంది. మనమంతా ప్రేమించే ఆ బోసినవ్వు వెనక, ఆనాటి దంతవైద్యం ఇవ్వలేకపోయినదొకటి ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కట్టుడు పళ్ల చరిత్ర చాలావరకు పదార్థాల చరిత్రే. ఏనుగు దంతం, నీటిగుర్రం దంతం, చనిపోయిన సైనికుల నోటి నుంచి తీసిన పళ్లు, 19వ శతాబ్దంలో గుడ్‌ఇయర్ కుటుంబం తెచ్చిన గట్టిరబ్బరు, 1930ల చివర్లో వచ్చిన అక్రిలిక్. ఒక్కో మార్పుతో సెట్టు తేలికైంది, చవకైంది, అందంగా తయారైంది. కూర్చునే చోటు మాత్రం అదే, జారే చిగురు.

ఎముకలోనే ఏదైనా నాటితే? ఈ ఆలోచన చాలా పాతది. మధ్య అమెరికాలోని హోండురాస్‌లో 1931లో ఒక మాయా నాగరికత నాటి దవడ ముక్క దొరికింది. క్రీ.శ. 600 ప్రాంతానిది. మూడు కిందిపళ్ల స్థానంలో ఆల్చిప్ప ముక్కలను పళ్లలా చెక్కి దిగ్గొట్టారు. చనిపోయాక అలంకారంగా పెట్టి ఉంటారని మొదట అనుకున్నారు. 1970లో బ్రెజిల్ దంతవైద్య ఆచార్యుడు అమదేవ్ బొబ్బియో ఎక్స్‌రే తీసి చూస్తే, ఆ ముక్కల చుట్టూ ఎముక పెరిగి ఉంది. అంటే బతికున్న మనిషి నోట్లోనే నాటారన్నమాట. పద్నాలుగు వందల ఏళ్ల కిందట, పేరు తెలియని ఎవరి చేతి పనో అది.

ఆధునిక కాలంలో ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలోని బోస్టన్‌లో ఆల్విన్ స్ట్రాక్ 1930ల చివర్లో వైటాలియం అనే మిశ్రలోహపు మరలను దవడలో బిగించాడు. 1940లలో స్వీడన్‌లో గుస్తావ్ దాల్ ఎముక మీద, చిగురు కింద లోహపు చట్రం అమర్చాడు. కొన్ని నిలిచాయి. చాలావాటి చుట్టూ ఎముకకు బదులు మెత్తని నారలాంటి కణజాలం పెరిగింది. లోహం కదిలింది, చీము పట్టింది, చివరికి తీసేయవలసి వచ్చింది. దవడలో లోహం అంటే పేరున్న దంతవైద్యులు దూరం జరిగారు. ఆ జంకుకు కారణం ఉంది.

సమాధానం దంతవైద్యుల దగ్గర దొరకలేదు. పళ్ల గురించి ఆలోచించని మనిషి దగ్గర దొరికింది.

పేర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1929లో స్వీడన్‌లోని కార్ల్స్‌హామ్ రేవుపట్నంలో పుట్టాడు. వైద్యం చదివాడు. 1952లో లుండ్ విశ్వవిద్యాలయంలో ఆయన చూడాలనుకున్నది ఎముక లోపల రక్తప్రసరణ. చచ్చిన ఎముక ముక్కను కోసి చూడటం కాదు, బతికిన ఎముకలో మూలుగ ఎలా పనిచేస్తుందో కళ్లారా చూడాలి. అందుకు కుందేలు కాలి ఎముకలో చిన్న లోహపు గొట్టం అమర్చి, దానిలోంచి సూక్ష్మదర్శినితో చూసే ఏర్పాటు చేశాడు. గొట్టానికి ఏ లోహం వాడాలన్న ప్రశ్న వస్తే, హాన్స్ ఎమ్నేయస్ అనే ఎముకల వైద్యుడు టైటానియం పేరు చెప్పాడు.

టైటానియం అప్పటికి కొత్త సరుకు. మూలకంగా 1791లోనే, ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఒక వాగు నల్ల ఇసుకలో విలియం గ్రెగర్ గుర్తించాడు. ఆ నల్ల ఇసుకకు తోబుట్టువు మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది, ఇల్మెనైట్ రూపంలో. కానీ ఇసుక నుంచి లోహాన్ని విడదీయడం మహా కష్టం. లక్సెంబర్గ్‌కు చెందిన విలియం క్రోల్ పద్ధతి కనిపెట్టాక, 1948లో గానీ వ్యాపార స్థాయిలో తయారీ మొదలు కాలేదు. ఆ తర్వాత నాలుగేళ్లకే అది కుందేలు కాలిలోకి చేరింది.

ప్రయోగం ముగిసింది. గొట్టాలు ఖరీదైనవి కాబట్టి తీసి మళ్లీ వాడుకోవాలి. తీద్దామంటే రాలేదు. ఎముక వాటిని పట్టేసింది. మధ్యలో నారపొర లేదు, వాపు లేదు, చీము లేదు. పరికరం పాడైందని విసుక్కొని పక్కన పడేసే అవకాశం అక్కడ పూర్తిగా ఉంది. బ్రోనెమార్క్ ఆగి, ఎందుకు రావడం లేదని అడిగాడు. ఈ కథలో నన్ను పట్టి నిలిపేది ఆ ఒక్క ప్రశ్నే.

గాలి తగిలిన మరుక్షణం టైటానియం పైన అతి పల్చటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఒంట్లోని ద్రవాలు దాన్ని తినెయ్యలేవు. శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి చుట్టూ గోడ కట్టదు. ఎముక కణాలు ఆ పొర దాకా వచ్చి అక్కడే కొత్త ఎముక వేస్తాయి. బ్రోనెమార్క్ దీనికి ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు. 1960లో గోథెన్‌బర్గ్‌కు మారాక కుక్కల దవడల్లో ఏళ్ల తరబడి పరీక్షించాడు. తన బృందంలోని విద్యార్థుల చేతుల్లో, వాళ్ల ఇష్టంతోనే, అలాంటి టైటానియం గొట్టాలు అమర్చి మనిషి ఒళ్లు కూడా దీన్ని ఒప్పుకుంటుందని తేల్చుకున్నాడు.

1965లో గోస్టా లార్సన్ వచ్చాడు. పుట్టుకతోనే అంగిలి, దవడ లోపాలున్న మనిషి. కిందిపళ్లు లేవు, మామూలు సెట్టు నిలిచే వీలు లేదు, తినడమూ మాట్లాడటమూ యాతనే. బ్రోనెమార్క్ అతని కిందిదవడలో నాలుగు టైటానియం మరలు, అంటే ఇంప్లాంట్లు, పెట్టాడు. నెలల తరబడి వాటిమీద ఏ బరువూ వేయకుండా చిగురు కింద కప్పి ఉంచాడు. ఎముక పట్టాక వాటిమీద పళ్లు బిగించాడు. 2006లో కన్నుమూసే దాకా, నలభై ఏళ్లు, లార్సన్ ఆ ఆధారం మీదే నమిలాడు.

ఇంత జరిగినా స్వదేశంలో నమ్మినవాళ్లు తక్కువ. ఈయన దంతవైద్యుడు కాదు, శరీరనిర్మాణ శాస్త్రం చెప్పే ఆచార్యుడు. పాత ఇంప్లాంట్ల చేదు అనుభవాలు ఇంకా మాసిపోలేదు. 1969లో లాండ్‌స్క్రోనాలో ఉపన్యాసం ముగిశాక, పేరుమోసిన ఆచార్యుడొకరు లేచి, రీడర్స్ డైజెస్ట్ లాంటి సామాన్యుల పత్రికలో పేరు వేయించుకునే వాళ్లను తాను నమ్మనని నలుగురిలో అనేశాడు. బ్రోనెమార్క్ వాదులాడుతూ కూర్చోలేదు. రోగులను వదలకుండా లెక్క పెట్టుకుంటూ పోయాడు. 1977లో పదేళ్ల అనుభవాన్ని, 1981లో సహచరుడు ఆడెల్ తదితరులతో పదిహేనేళ్ల ఫలితాలను ప్రచురించాడు. కెనడాలో జార్జ్ జార్బ్ అదే పద్ధతిని తన రోగుల మీద మళ్లీ చేసి చూశాడు. అతను 1982లో టొరంటోలో ఏర్పాటు చేసిన సదస్సు తర్వాతే ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాలు తలుపులు తెరిచాయి. అప్పటికి కుందేలు ప్రయోగానికి ముప్పై ఏళ్లు.

మరి ఆ మరలను తయారు చేసిందెవరు? 1978లో బ్రోనెమార్క్‌తో ఒప్పందం చేసుకున్నది బోఫోర్స్. 1987లో మన దేశ రాజకీయాలను కుదిపేసిన ఫిరంగుల కంపెనీయే. లోహాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడం వాళ్లకు తెలుసు. ఆ పొత్తులోంచి పుట్టిన నోబెల్‌ఫార్మా తర్వాత నోబెల్ బయోకేర్ అయింది. ఇదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఆండ్రే ష్రోడర్, స్ట్రామన్ సంస్థతో కలిసి ఇదే సత్యానికి మరో దారిలో చేరుకున్నాడు.

లోహం ఎంత మంచిదైనా, చెయ్యి మొరటుదైతే ఎముక ఒప్పుకోదు. గోథెన్‌బర్గ్‌లోనే ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ అనే పరిశోధకులు 1983లో చూపించారు: ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్క నిమిషం ఉంటే చాలు, దెబ్బతింటుంది. అందుకే డాక్టరు డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, సెలైన్ నీళ్లు పోస్తూ, ఒకదాని తర్వాత ఒకటిగా లావు పెంచుతూ వెళ్తారు. ఆ నిదానం చూసి విసుక్కోకూడదు.

మొదట్లో ఇంప్లాంట్ల మీద పళ్లను శాశ్వతంగా బిగించేవారు. నాలుగింటి మీద వరుస మొత్తం నిలబెట్టే పద్ధతిని లిస్బన్‌లో పావులో మాలో 1998లో మొదలుపెట్టాడు. పట్నం ఆసుపత్రుల ప్రకటనల్లో మెరిసేది ఇలాంటిదే. ఖర్చు మాత్రం లక్షల్లో. నా దృష్టిలో మన ఊళ్లకు అసలైన మలుపు 2002లో మాంట్రియల్‌లో వచ్చింది. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు, పళ్లన్నీ పోయిన కిందిదవడకు మొదట ఎంచవలసింది మామూలు సెట్టు కాదని, రెండు ఇంప్లాంట్ల మీద కూర్చునే సెట్టని తేల్చారు. రెండే. కోరపళ్లు ఉండవలసిన చోట ఒకటి అటు, ఒకటి ఇటు. అదృష్టవశాత్తూ కిందిదవడ ముందుభాగంలో ఎముక గట్టిగా ఉంటుంది; ఎంత అరిగినా ఇంప్లాంటు పెట్టేంత మిగలడం మామూలే. ఎముక పట్టాక రెంటికీ గుండ్రటి తలలు బిగిస్తారు. సెట్టు లోపలివైపు వాటికి సరిపోయే గుంటలు పెడతారు. నొక్కితే టక్కున పడుతుంది. రాత్రి తీసి కడుక్కోవచ్చు. నాలుక ఎంత తోసినా లేవదు.

ఎముక సంగతి వచ్చింది కాబట్టి మన జిల్లా చరిత్ర ఒకటి చెప్పాలి. తాగేనీటి ఫ్లోరైడు మనిషి పళ్లను, ఎముకలను ఎలా పాడుచేస్తుందో భారతదేశంలో మొదట వివరంగా నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. షార్ట్, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో రాశారు. ఆ నీటి బాధ ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లావే. ఉదయగిరి మెట్టలో అది తర్వాతా ఉంది. ఫ్లోరైడు చేరిన ఎముక చూడటానికి దట్టం, నిజానికి పెళుసు. అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. చక్కెర జబ్బు అదుపులో లేకపోయినా, బీడీ మానకపోయినా ఎముక పట్టే అవకాశం తగ్గుతుంది. వయసు మాత్రం అడ్డంకి కాదు. డెబ్బై దాటినవాళ్లకూ నిక్షేపంగా పెడతారు.

బుచ్చిరెడ్డిపాలేనికి దగ్గర్లోని నెల్లూరులో, చింతారెడ్డిపాలెంలో నారాయణ దంతవైద్య కళాశాల ఉంది. పళ్లు కట్టడంలో పై చదువులు చదివిన డాక్టర్లకు కొదవ లేదు. ఆపుతున్నది డబ్బే. బయట ఆసుపత్రుల్లో ఒక్కో ఇంప్లాంటుకు పదుల వేలు. అందులో కొంత విదేశీ సరుకు ధర. కానీ లోహం మనకు కొత్త కాదు. టైటానియం స్పాంజి తయారీ పద్ధతిని హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల రూపొందించింది, కేరళలోని చవరలో కర్మాగారం వచ్చింది. కంచన్‌బాగ్‌లోని మిధానిలో టైటానియం కరుగుతోంది. ఢిల్లీ ఐఐటీ, మౌలానా ఆజాద్ దంతవైద్య సంస్థ కలిసి స్వదేశీ ఇంప్లాంటును తయారు చేశాయి. కాబట్టి బోసినోటి పెద్దలకు కిందిదవడలో రెండేసి ఇంప్లాంట్లు పెట్టే పని జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కంటిశుక్లానికి శిబిరాలు పెట్టి ఊరూరా ఆపరేషన్లు చేయించిన దేశం ఇది.

ఈలోగా పెట్టించుకోగలిగిన వాళ్లు డాక్టరును అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడున్న సెట్టు బాగుంటే కొత్తది కట్టించనక్కర్లేదు; దాన్నే లోపలివైపు తొలిచి గుంటలు అమర్చవచ్చు. ఇంప్లాంటు పెట్టాక ఎముక పట్టడానికి కిందిదవడలో సాధారణంగా మూడు నెలలు ఆగాలి. ఆ మూడు నెలలూ పాత సెట్టును లోపల మెత్తని పదార్థంతో సరిచేసి ఇస్తారు. తర్వాత గుండ్రటి తలల చుట్టూ రోజూ మెత్తటి బ్రష్‌తో తోమాలి. ఇంప్లాంటుకు పిప్పి పట్టదు గానీ, చుట్టూ చిగురు వాచి ఎముక పోతే అది కూడా ఊడుతుంది. సెట్టు గుంటల్లో ఉండే నైలాన్ రింగులు అరిగి పట్టు వదులైనప్పుడు మార్పించుకోవాలి. అది కుర్చీలో కూర్చున్న కాసేపట్లో అయ్యే పని, ఖర్చూ తక్కువ.