నర్సమ్మ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ‘నర్సమ్మా’ అని కేకేస్తే ఇద్దరు పలుకుతారు. ఒకామెకు అమ్మానాన్నలు పెట్టిన పేరే అది. రెండో ఆమె ఆరోగ్య సబ్ సెంటరుకు వచ్చే నర్సు, ఏఎన్ఎం. ఆమె పేరు సునీత కావచ్చు, మేరీ కావచ్చు, షాహీన్ కావచ్చు. ఊరికి మాత్రం నర్సమ్మే.

ఈ రెండు నర్సమ్మలూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒక్కచోట కలిశాయి. ‘నరస’కు ‘అమ్మ’ చేరితే అత్వసంధి, నరసమ్మ అవుతుంది. ఈ పాలమూరు పల్లెల నోట నడిమి అచ్చు నిలవదు. అడిగిన అనేది అడ్గిన అయినట్టు, నరసయ్య నర్సయ్య అయినట్టు, నరసమ్మ నర్సమ్మ అయింది. కొల్లాపూర్ దగ్గరి సింగోటంలో లక్ష్మీనరసింహస్వామి కొలువున్న సీమ ఇది, సంక్రాంతికి జాతర సాగే చోటు. ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళు లేని ఊరు దొరకడం కష్టం. ఇక ‘నర్సు’కు ‘అమ్మ’ చేరితే ఉత్వసంధి, నేరుగా నర్సమ్మే. ఒకటి గుడి నుంచి, ఇంకొకటి దవాఖాన నుంచి వచ్చి చెవికి తేడా తెలియనంతగా ఒకటైపోయాయి. పరాయి మాట అన్న బెరుకు లేకుండా ‘నర్సు’ ఈ నేల మీద ఇంత తొందరగా ఇంటిమనిషి కావడానికి, అప్పటికే ప్రతి వాడలో ఒక నర్సమ్మ ఉండటం కూడా ఒక కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నర్సు అన్న మాట లాటిన్‌లో పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. మొదటి అర్థం పాలిచ్చి పెంచేది అని. సంస్కృతంలోని ధాత్రి అర్థమూ అదే. ఆ ధాత్రి నుంచే హిందీ దాయీ, మన దాది వచ్చాయి. అంటే నర్సులో తల్లితనం ముందే ఉంది. ఆ సంగతి తెలియకుండానే మనవాళ్ళు దానికి మళ్ళీ అమ్మను చేర్చారు.

నర్సమ్మ రాకముందు ఆ పనికి మనకున్న మాట మంత్రసాని. ఇందులో ‘సాని’ స్వామిని నుంచి వచ్చిందంటారు. ఒకప్పుడది పెద్దింటి ఆడవాళ్ళ పేర్ల చివర నిలిచిన గౌరవం. నాగర్‌కర్నూల్ దగ్గరి నందివడ్డెమాన్ పూర్వం వర్ధమానపురం, గోన వంశం ఏలిన చోటు. ఆ ఇంటి ఆడపడుచు, గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక 1276లో బూదపురం శాసనం వేయించింది. మొదటి తెలుగు కవయిత్రి ఆమేనని చాలామంది లెక్క. ఆమెనే కుప్పసానమ్మ అని కూడా అన్నారు. ఆ సానే దొరసానిలో ఇవాళ్టికీ తలెత్తుకుని ఉంది. ఒంటరిగా వాడిన చోట మాత్రం తిట్టుగా దిగజారింది. మంత్రసానిలో అటూ ఇటూ కాకుండా మిగిలింది. నొప్పుల రాత్రి మంత్రసాని తల్లి కన్నా ఎక్కువ. పదకొండో రోజు దాటితే గడప అవతలి మనిషి.

‘మంత్రసానితనం ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలె, పియ్యొచ్చినా పట్టాలె’ అన్న సామెతను మనం తప్పించుకోలేని చాకిరీ గురించి విసుగ్గా వాడతాం. నాకు మాత్రం అది వృత్తిధర్మాన్ని చెప్పినట్టే వినిపిస్తుంది. ఏది వచ్చినా చేయి వెనక్కి తీసుకోనిదే మంత్రసాని. నర్సింగ్ కళాశాలలో మొదటి పాఠంగా చెప్పదగ్గ మాట అది.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ నుంచి రాయచూరు ఎంతో దూరం లేదు. అటు పోతే మంత్రసాని సూలగిత్తి అవుతుంది. సూలు అంటే కాన్పు. ‘గిత్తి’ పని చేసే ఆడమనిషిని చెప్పే కన్నడ ప్రత్యయం. ఆ సూలు మన చూలే. చూలాలు, తొలిచూలు మనకూ ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో తొలుసూరు కాన్పు అంటారు, అది కూడా ఈ వేరు మీద మొలిచిందే. మనం మంత్రాన్ని పట్టుకుంటే కన్నడిగులు కాన్పునే పట్టుకున్నారు. పేరు పెట్టడంలో వాళ్ళదే సూటిదనం.

ఆ మాట ఒక మనిషికి ఇంటిపేరైంది. సూలగిత్తి నరసమ్మ. కర్ణాటకలో తుమకూరు జిల్లా పావగడ తాలూకా ఆమెది. దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే ఉన్న తాలూకా అది. ఆమె ఇంటి భాష తెలుగు. ఆది జాంబవ కుటుంబంలో పుట్టింది. బడి మొహం చూడలేదు. 12 ఏళ్ళకే పెళ్ళయింది. 12 మంది పిల్లల్ని కని నలుగురిని పోగొట్టుకుంది. అమ్మమ్మ దగ్గర పని నేర్చుకుని 1940లో, 20 ఏళ్ళ వయసులో తొలి పురుడు పోసింది. అక్కడి నుంచి 70 ఏళ్ళు, 15 వేలకు పైగా కాన్పులు చేసిందంటారు. ఒక్కదానికీ డబ్బు తీసుకోలేదు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే డిసెంబర్ 25న, 98 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఏ జీతమూ ఏ అధికారమూ కట్టిపడేయని స్వతంత్రురాలు. ఎవరు పిలిస్తే వాళ్ళింటికి, ఏ వేళ పిలిస్తే ఆ వేళకు వెళ్ళింది. ఆమెను నరసమ్మ అన్నా నర్సమ్మ అన్నా తప్పు లేదు. రెండు మాటలూ ఒకే మనిషిలో నిజమయ్యాయి.

ఇక్కడ కులం సంగతి దాటేసి పోలేను. తెలుగు ఊళ్ళలో ఈ పని ఎక్కువగా మంగలి ఇండ్ల ఆడవాళ్ళది, కొన్నిచోట్ల మాదిగ, చాకలి ఇండ్లవాళ్ళది. బిడ్డ తల బయటికి వచ్చినప్పుడు పట్టింది ఆ చేతులే. బొడ్డు కోసి, దారం కట్టి, మాయ పడేదాకా తల్లి పొత్తికడుపు మీద ఆనుకుని ఉన్నది ఆ చేతులే. పురుటి స్నానం అయ్యాక అవే చేతులు ముట్టిన చెంబును ఆ ఇల్లు పక్కన పెట్టింది. చాటెడు బియ్యం, ఒక పాత చీర ఇచ్చి పంపింది. కరుణ అంతా ఆమె వైపే ఉంది. ఇంటి వైపు నుంచి ఆమెకు దక్కింది చాలా కొంచెం.

అట్లాగని పాతదంతా మేలని అనను. మరిగించని కొడవలితో బొడ్డు కోసిన ఇండ్లలో ధనుర్వాతం పసికందుల్ని తీసుకుపోయింది. రక్తం ఆగకపోతే ఎంత అనుభవమున్న మంత్రసాని అయినా చేయగలిగింది తక్కువ. అందుకే పల్లె నర్సమ్మను నమ్మింది. టీకా డబ్బా భుజాన వేసుకుని ఎండలో నడిచి వచ్చిన ఏఎన్ఎం ఆ నమ్మకాన్ని ఇంటింటికీ తిరిగి సంపాదించుకుంది. ఇప్పుడు చక్రం ఇంకొంచెం తిరిగింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి నర్సులకే 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కోత లేని కాన్పు, నొప్పుల వేళ తల్లి పక్కన వదలకుండా ఒక మనిషి ఉండటం ఆ చదువులో భాగం. మంత్రసాని చేసిన పనిలోని మంచి, శుభ్రతతో శాస్త్రంతో కలిసి, నర్సమ్మ చేతికి తిరిగి వస్తోంది.

అమ్మా అని పిలవడం తేలిక. కానీ 2023లో తెలంగాణలో కాంట్రాక్టు ఏఎన్ఎంలు తమ ఉద్యోగాలు క్రమబద్ధం చేయమని సమ్మెకు దిగాల్సి వచ్చింది. పిలుపులో ఇచ్చిన గౌరవం జీతంలో, భద్రతలో కూడా ఇవ్వాలి. మాటకూ ఆ గౌరవం దక్కాలి, నిఘంటువులు ‘నర్సమ్మ’ను తెలుగు మాటగానే, రెండు అర్థాలతో చేర్చుకోవాలి.

మీ ఊళ్ళో పురుళ్ళు పోసిన ముసలామె ఇంకా ఉంటే ఈ వారమే పోయి కలవండి. నొప్పుల్లో రకాలకు, బిడ్డ తిరిగిన తీరుకు, బాలింతకు పెట్టే కారానికి, కషాయానికి ఆమె దగ్గర ఉన్న పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఆమె చెప్పింది చెప్పినట్టే, ఆమె యాసలోనే రాసి పెట్టండి. పైన ఆమె పేరు కూడా రాయండి.