వనస్పతి: నూనె గడ్డకట్టడం వెనుక రసాయన మార్పులు

వేరుశనగ, పత్తిగింజ, సోయా వంటి నూనెలకు హైడ్రోజన్ వాయువును చేర్చి గట్టిపరచే పద్ధతిని హైడ్రోజనీకరణం అంటారు. జర్మన్ రసాయనవేత్త విల్‌హెల్మ్ నార్మన్ 1902లో దీనికి పేటెంటు కోరాడు. మన దేశంలో 1937లో వచ్చిన డాల్డా ఎంతగా స్థిరపడిందంటే, ఏ వనస్పతినైనా డాల్డా అనడమే వాడుకైంది.

నూనె ద్రవంగా ఎందుకుంటుంది?

నూనె అణువులో గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు కలిసి ఉంటాయి. గొలుసులో రెండు కార్బన్ల నడుమ ద్విబంధం ఉన్నచోట వంపు ఏర్పడుతుంది. వంకర కట్టెలు మోపులో ఒత్తుగా ఇమడవు. అలాగే వంపు తిరిగిన గొలుసులు దగ్గరగా చేరలేవు కనుక నూనె ద్రవంగా ఉంటుంది.

కర్మాగారంలో జరిగేది

శుద్ధిచేసిన నూనెలో నికెల్ పొడిని ఉత్ప్రేరకంగా కలిపి, సాధారణంగా 150 నుండి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో, పీడనంతో హైడ్రోజన్‌ను పంపుతారు. ద్విబంధం ఉన్నచోట రెండు కార్బన్లకూ ఒక్కొక్క హైడ్రోజన్ పరమాణువు చేరుతుంది. గొలుసు తిన్ననవుతుంది, నూనె గట్టిపడుతుంది. చర్య ముగిశాక నికెల్‌ను వడకట్టి తీసివేస్తారు.

18 కార్బన్లు గల ఆమ్లాలు కరిగే ఉష్ణోగ్రతలు (సుమారుగా, సెల్సియస్‌లో):
లినోలిక్ (ద్విబంధాలు 2): మైనస్ 5
ఓలిక్ (ద్విబంధం 1): 13
స్టియరిక్ (ద్విబంధం లేదు): 69

ట్రాన్స్ కొవ్వు పుట్టుక

చర్యను మధ్యలో ఆపితే పాక్షిక హైడ్రోజనీకరణం అవుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. కొన్ని ద్విబంధాల వద్ద ఒక హైడ్రోజన్ చేరి, రెండవది చేరక మునుపే విడిపోతుంది. ద్విబంధం మరల ఏర్పడుతుంది కాని, పూర్వపు వంపు (సిస్ రూపం) పోయి తిన్నని ట్రాన్స్ రూపం రావచ్చు. ఓలిక్ ఆమ్లం ఇలా మారితే ఎలైడిక్ ఆమ్లమవుతుంది. పరమాణువులు అవే, వాటి సంఖ్య అదే. అయినా అది సుమారు 44 డిగ్రీల వద్ద గాని కరగదు. చర్యను పూర్తిగా జరిపితే ద్విబంధాలు దాదాపు మిగలవు కనుక ట్రాన్స్ కొవ్వు కూడా దాదాపు ఉండదు. అయితే ఆ కొవ్వు మైనంలా గట్టిగా ఉంటుంది.

ట్రాన్స్ కొవ్వు రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. తత్ఫలితంగా గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. నూనెలు, కొవ్వులలో దీని పరిమితిని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021లో 3 శాతానికి, 2022 జనవరి 1 నుండి 2 శాతానికి తగ్గించింది. రాష్ట్ర సరిహద్దుకు ఈవల కొన్నా, ఆవల కొన్నా నియమం ఒక్కటే.

గృహస్థులు గమనించవలసినవి

చలికి కొబ్బరినూనె పేరుకోవడం హైడ్రోజనీకరణం కాదు. అది భౌతిక మార్పు మాత్రమే, వెచ్చచేస్తే మరల నూనె అవుతుంది. బిస్కెట్లు, కేకులు, వనస్పతి కొనేటప్పుడు పొట్లంపై ట్రాన్స్ కొవ్వు ఎంత అన్నది, “పాక్షికంగా హైడ్రోజనీకరించిన” అన్న మాట ఉన్నదీ లేనిదీ చూడాలి. ఆ వివరాలు తరచు ఆంగ్లంలోనే ఉంటాయి కనుక బడికి వెళ్ళే పిల్లలచేత చదివించుకోవడం మేలు.