ప్రస్తారము – ఇటరేటర్

పిట్టి త్యాగరాయ సెట్టిగారి పేర వెలసిన త్యాగరాయనగరములో, పానగల్ రాజావారి పేరు దాల్చిన పార్కు చుట్టును పట్టుచీరల అంగళ్లు కలవు. కొనవచ్చినవారు "ఇంకొకటి చూపుడు" అందురు, అంగడివారు చూపుదురు. సరకు బీరువాలో నున్నదో, మేడమీద నున్నదో కొనువారికి తెలియ నక్కరలేదు. ఎంతవరకు చూపినదియు అంగడివారికి జ్ఞప్తి యుండును. చూచినదానిని కొనుటయో, కాదనుటయో కొనువారి పని. ఈ రెండు పనులను వేరుచేయుటయే ఆబ్జెక్టు పద్ధతి ప్రోగ్రామింగులో 'ఇటరేటర్' అను సాధనమునకు మూలము.

ఈ వేర్పాటు లేనిచో నిలువచేయు విధానము మారినప్పుడెల్ల దానిని వాడు ప్రతి ప్రోగ్రామును తిరుగ వ్రాయవలసి వచ్చును. 1970 దశాబ్దమున అమెరికాలోని ఎం.ఐ.టి.లో బార్బరా లిస్కోవ్ తన శిష్యులతో నిర్మించిన 'క్లూ' భాషలో ఇటరేటరు భాషాంగమయ్యెను. జిరాక్స్ వారి పరిశోధనాలయమున పుట్టిన స్మాల్‌టాక్ మరియొక త్రోవ పట్టెను. అందు ఒక్కొక్క సముదాయజాతి తన వస్తువులను వరుసగా అందించు 'డూ' అను పద్ధతి నొకదానిని చెప్పుకొన్న చాలును. ఏరుట, మార్చుట, కూడుట మొదలగునవి దాని నాధారముగా గొని ఉమ్మడిగా ఒకచోటనే వ్రాయబడినవి. 1994లో వెలువడిన 'డిజైన్ ప్యాటర్న్స్' గ్రంథము తాను వివరించిన 23 పద్ధతులలో ఇటరేటరును చేర్చినది.

మన ఛందశ్శాస్త్రమునందలి ప్రస్తారమును దీనితో పోల్చి చూడవలసియున్నది. కేదారభట్టు వృత్తరత్నాకరమున తెలిపిన విధి యిది: మొదటి పంక్తి యంతయు గురువులు. తరువాతి పంక్తికై, పై పంక్తిలోని మొదటి గురువు క్రింద లఘువు నుంచి, దాని కుడివైపు పైనున్నట్లే దింపి, ఎడమవైపు గురువులతో నింపవలెను. అన్నియు లఘువులైనప్పుడు ఆగవలెను. మూడక్షరములకు ఇట్లు చేసినచో మ, య, ర, స, త, జ, భ, న గణములు పింగళుడు చెప్పిన వరుసలోనే వచ్చును. తరువాతి పంక్తికి ముందరి పంక్తి యొక్కటియే చాలును. మిగిలినవానిని నిలువయుంచుకొన నక్కరలేదు. ఇరువది యక్షరముల ఛందమున 10,48,576 వృత్తములు గలవు. అందు ఉత్పలమాల 3,55,799వది. పంక్తులన్నియు వ్రాయకయే ఈ సంఖ్యను తెలుపునది ఉద్దిష్టము. సంఖ్యనుండి వృత్తమును తెలుపునది నష్టము.

ఇంతమాత్రమున కంప్యూటరు మన పూర్వులకు ముందే తెలియునని కొందరు పలుకుట నాకు సమ్మతము కాదు. ఛందస్సులో ఆబ్జెక్టులు లేవు, యంత్రమును లేదు. కాని నడక విధిని, నడచి చేయు పనినుండి వేరుచేసి, మరల మరల వాడుకొనుట మాత్రము నిశ్చయముగా కలదు. దీనికి మన దేశిచ్ఛందస్సే సాక్ష్యము. వెనుకటి ప్రస్తారమునే తీసికొని, పంక్తి మొదట లఘువు వచ్చినచోట రెండు లఘువులు వ్రాసి, మొదటి రెండు పంక్తులను విడిచిపెట్టినచో, రెండు గురువుల ప్రస్తారమున మిగులునవి రెండు సూర్యగణములు; మూడు గురువులకు మిగులునవి ఆఱు ఇంద్రగణములు; నాలుగింటికి పదునాలుగు చంద్రగణములు. ప్రస్తారవిధి మారలేదు, దానిపై ఒక మార్పును, ఒక ఏరివేతయు మాత్రము చేరినవి. తేటగీతియు, ఆటవెలదియు, సీసమును ఇట్లు మిగిలిన సూర్యేంద్రగణములతోనే నడచుచున్నవి.