పళ్లెము పెద్దలది, ఆకలి బిడ్డది

ఏడాది నిండిన బిడ్డకు అన్నము తినిపించుట ఎంత కష్టమైన పనియో ప్రతి తల్లికిని తెలిసినదే. చందమామను చూపి, కాకమ్మను పిలిచి, కథ చెప్పి, చివరకు బూచివాడు వచ్చునని బెదరించి నాలుగు గోరుముద్దలు నోట పెట్టుసరికి తల్లి ఓపిక నశించును. నిన్న ఇష్టముగా తిన్న పప్పన్నమును బిడ్డ నేడు ఉమ్మివేయును. పెరుగన్నము తప్ప మరేదియు ముట్టనని మొరాయించును. బిడ్డ చిక్కిపోవునేమో యని ఇంటిల్లిపాదికిని దిగులు. ఈ దిగులు మన దేశమునకే పరిమితమైనది కాదు. బిడ్డ ఎంత తినవలెనో నిర్ణయించవలసినది ఎవరు? పెద్దలా, వైద్యులా, లేక బిడ్డయేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు సుమారు నూరు సంవత్సరములుగా సాగిన పరిశోధనల చరిత్ర తెలిసికొనదగినది.

గడియారము చూచి పెట్టిన తిండి

19వ శతాబ్ది చివరి భాగమున అమెరికా నగరములలో శిశుమరణములు మిక్కుటముగా నుండెను. చెడిపోయిన పాల వలన వేసవిలో అతిసారము సోకి ఎందరో శిశువులు మరణించుచుండిరి. అందుచే శిశుపోషణను శాస్త్రీయమైన పద్ధతిలో నడపవలెనని వైద్యులు పూనుకొనిరి. బోస్టన్ నగరమున థామస్ మోర్గన్ రాచ్ అను వైద్యుడు ఆవుపాలలోని క్రొవ్వు, చక్కెర, మాంసకృత్తులను శాతములలో లెక్కకట్టి, ఒక్కొక్క శిశువునకు తగినట్లు కలిపించు పద్ధతిని ప్రచారము చేసెను. న్యూయార్కులో లూథర్ ఎమెట్ హోల్ట్ శిశుపోషణమును గూర్చి ప్రశ్నోత్తర రూపమున వ్రాసిన చిన్న పుస్తకము 1894లో వెలువడి, తల్లులకు ప్రమాణగ్రంథమయ్యెను. ఏ గంటకు ఏమి పెట్టవలెనో, ఎంత పెట్టవలెనో, ఏది ఏ వయస్సు వరకు పెట్టరాదో అన్నియు అందులో నియమములుగా నుండెను.

పాలు శుభ్రపడుటచే ఎందరో శిశువులు బ్రతికిరి. ఆ మేలు కాదనరానిది. కాని దానితోపాటు మరియొక మార్పు కూడ వచ్చెను. బిడ్డ ఆకలి లెక్కలోనికి రాక, గడియారమును కొలతగిన్నెయు ముఖ్యమైనవి. 20వ శతాబ్ది మొదటి దశాబ్దములలో విటమినులు కనుగొనబడిన పిమ్మట, బిడ్డ తప్పక తినవలసిన పదార్థముల పట్టిక ఇంకను పెరిగెను. పట్టిక ప్రకారము పెట్టినది బిడ్డ తినకున్నచో బలవంతముగానైనను తినిపించుట ధర్మమని తల్లులు భావించిరి. 1920 తరువాత శిశువైద్యుల వద్దకు ఒక వింత ఫిర్యాదు తరచుగా రాసాగెను. బిడ్డకు ఏ రోగమును లేదు. కాని తిండి మాత్రము తినడు.

డాక్టర్ క్లారా డేవిస్ ప్రయోగము

ఈ సమస్యను క్లారా డేవిస్ అను అమెరికన్ శిశువైద్యురాలు క్రొత్త దృష్టితో చూచెను. శిశువునకు ఏది మంచిదో పెద్దలు చెప్పుటకు ముందు, శిశువు తనంతట తాను ఏమి తినునో చూడవలెను గదా యని ఆమె ఆలోచించి, 1926లో ప్రయోగము ప్రారంభించెను. మొదట ముగ్గురు శిశువులపై జరిపిన పరిశీలనల ఫలితములు 1928లో వెలువడెను. తరువాత షికాగో నగరమున ఈ ప్రయోగము కొనసాగి, మొత్తము 15 మంది శిశువులకు విస్తరించెను. ప్రయోగములో చేరునప్పటికి వారి వయస్సు 6 నుండి 11 నెలలు. అప్పుడే పాలు మాన్పబడిన ఆ శిశువులు పెద్దలు తిను పదార్థములను అంతకు మునుపు రుచి చూచి యెరుగరు. ఒక్కొక్కరిని ఆరు మాసములు మొదలుకొని నాలుగున్నర సంవత్సరముల వరకు పరిశీలించిరి.

డేవిస్ ఎంపిక చేసిన పదార్థములు 34. పాలు, పులిసిన పాలు, గ్రుడ్లు, గోధుమలు, బార్లీ, ఓట్లపిండి, ఆపిల్, అరటి, అనాస, నారింజ రసము, కారట్, బీటుదుంప, పాలకూర, క్యాబేజీ, బఠానీలు, మాంసము, చేప, కాలేయము, ఎముకల మూలుగు మొదలైనవి అందులో కలవు. పంచదార లేదు. డబ్బాలలో నిలువచేసిన పదార్థములు లేవు. ఒకదానితో మరియొకటి కలిపి వండినదియు లేదు. ఉప్పును కూడ వేరుగా ఒక గిన్నెలో నుంచిరి. ప్రతి పూటకు వీటిలో కొన్నింటిని పళ్లెములో అమర్చి బిడ్డ యెదుట పెట్టెడివారు.

దాది చెంచా పట్టుకొని ప్రక్కన ఊరక కూర్చుండవలెను. బిడ్డ ఏదైన గిన్నె వైపు చేయి చాచినప్పుడే చెంచాతో అందీయవలెను. తినుమని చెప్పరాదు, వద్దనరాదు, ముఖకవళికలతో కూడ మెప్పును కోపమును కనబరచరాదు. బిడ్డ చేతితో తిన్నను మందలించరాదు. భోజనమునకు ముందును పిమ్మటను పదార్థములను తూచి, ఎంత తినెనో వ్రాసికొనుచుండిరి.

మొదటి దినములలో శిశువులు అన్నింటిని నోట పెట్టిచూచిరి. గిన్నెలను, పళ్లెమును కూడ కొరికిరి. కొన్ని దినములలోనే తమకు నచ్చినవానిని గుర్తుపట్టసాగిరి. వారు తినినతీరు చూచినచో ఏ తల్లికైనను గుండె గుభేలుమనును. ఒకడు ఉదయమున కాలేయముతో నారింజ రసము పుచ్చుకొనును. వేరొకడు రాత్రి పలు గ్రుడ్లు, అరటిపండ్లు, పాలు తినును. కొన్నాళ్లు ఒకే పదార్థముపై మోజుపడి, తరువాత దానిని విడిచిపెట్టుదురు. ఉప్పు తిని ఉక్కిరిబిక్కిరియై ఏడ్చి, మరల ఆ గిన్నెవైపే చేయి చాచుదురు. ఏ ఇద్దరి ఆహారమును ఒకే విధముగా లేదు. ఐనను అందరును చక్కగా పెరిగిరి. చేరునప్పుడు ఐదుగురు శిశువులకు రికెట్సు వ్యాధి యుండెను. వారిలో వ్యాధి తీవ్రముగా నున్న ఒక శిశువు పళ్లెములో చిన్న గ్లాసుతో కాడ్‌లివర్ నూనె నుంచిరి. ఆ శిశువు దానిని ఇష్టమువచ్చినట్లు త్రాగుచు వచ్చి, వ్యాధి నయమైనట్లు రక్తపరీక్షలును ఎక్స్‌రే చిత్రములును తెలిపిన పిమ్మట మానివేసెను.

ఈ ప్రయోగమునకు లోపములు లేకపోలేదు. పోల్చిచూచుటకు వేరొక వర్గము లేదు. పోషించు స్తోమత లేని తల్లుల బిడ్డలను సంవత్సరముల తరబడి ఆసుపత్రిలో నుంచి ఇట్టి ప్రయోగము చేయుటకు నేడు ఎవరును అనుమతింపరు.

ఉప్పు కోరిన బాలుడు

శరీరమునకు కావలసినదానిని శరీరమే కోరునా? బాల్టిమోరు నగరమున కర్ట్ రిక్టర్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై ఈ విషయమును పరీక్షించెను. మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులను తొలగించినచో శరీరములోని లవణము మూత్రముతో వెడలిపోయి ఎలుక మరణించును. అట్టి ఎలుకలకు ఉప్పునీరు అందుబాటులో నుంచగా అవి దానిని అధికముగా త్రాగి బ్రతికినవని 1936లో ఆయన తెలిపెను.

1940లో రిక్టర్, లాసన్ విల్కిన్స్ అను వైద్యునితో కలిసి ఒక బాలుని విషాదగాథను ప్రకటించెను. ఆ బాలుని వయస్సు మూడున్నర సంవత్సరములు. ఇంటివద్ద వాడు ఉప్పును విపరీతముగా తినెడివాడు. వాడు మొదట నేర్చిన మాటలలో ఉప్పు ఒకటి. వేరొక కారణముచే ఆసుపత్రిలో చేర్పగా, అక్కడ అందరితోపాటు మామూలు భోజనము పెట్టిరి. ఏడు దినములలో వాడు మరణించెను. వాని అధివృక్క గ్రంథులు చెడియున్నవని పిమ్మట తేలెను. పెద్దలకు చెడ్డ అలవాటుగా తోచినదే అంతవరకు వానిని బ్రతికించెను.

అట్లని ప్రతి పోషకపదార్థమును గుర్తించు శక్తి పుట్టుకతో వచ్చునని తలచరాదు. ఉప్పు విషయము ప్రత్యేకమైనది. విటమినుల కొరతకు లోనైన ఎలుకలు తమను నీరసపరచిన తిండిని ఏవగించుకొని, మేలుచేసిన తిండిని అనుభవముచే నేర్చుకొనునని 1960 తరువాత పాల్ రోజిన్ చూపెను. డేవిస్ కూడ తన శిశువులకు దివ్యజ్ఞాన మున్నదని చెప్పలేదు. కిటుకంతయు ఆహారముల పట్టికలోనే యున్నదని ఆమె 1939లో స్పష్టముగా చెప్పెను. పళ్లెములో నున్నవన్నియు మంచివే. కనుక ఏది తీసికొన్నను పెద్ద పొరపాటు జరుగదు. పంచదార మొదలైన వానితో మరల పరీక్షింపవలెనని ఆమె తలచినను, ఆనాటి ఆర్థికమాంద్యముచే ధనసహాయము లభింపలేదు. 1946లో బెంజమిన్ స్పాక్ తన ప్రసిద్ధ శిశుపోషణ గ్రంథమున ఈ ప్రయోగమును వివరించుటచే ఇది ఇంటింటికిని తెలిసెను. కాని బిడ్డ ఇష్టమువచ్చినది తిననిండు అను సగము మాటయే పలువురికి గుర్తుండెను. పళ్లెమును సిద్ధపరచినది పెద్దలే యను తక్కిన సగము మరుగుపడెను.

బిడ్డ తిండి ఏల తగ్గును?

మూడు కిలోల బరువుతో పుట్టిన శిశువు ఏడాది నిండుసరికి సుమారు తొమ్మిది కిలోలగును. రెండవ ఏట పెరుగునది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. పెరుగుదల వేగము తగ్గినప్పుడు ఆకలియు మందగించును. ఇది రోగము కాదు. పైగా నడక నేర్చిన బిడ్డ క్రొత్త పదార్థములను శంకించుట కూడ ఈ వయస్సులో సహజము.

అమెరికాలో లియాన్ బర్చ్ అను మనోవిజ్ఞానవేత్త 1982లో రెండేండ్ల పిల్లలకు క్రొత్త పదార్థములను పలుమార్లు రుచి చూపెను. ఎన్నిమార్లు రుచి చూచిన అంత ఇష్టము పెరిగెను. 1984లో, క్రొత్త పానీయము త్రాగినచో బహుమానమిత్తుమని ఆశపెట్టగా, ఆ పానీయముపై పిల్లలకు ఇష్టము తగ్గెను. 1991లో ఆమె బృందము 2 నుండి 5 ఏండ్ల లోపు పిల్లలు 15 మంది తినినదంతయు లెక్కించెను. పూటపూటకు తేడా సగటున 34 శాతము వరకు ఉన్నను, దినముమొత్తము మీద తేడా 10 శాతము మాత్రమే. అనగా ఒక పూట మానినదానిని బిడ్డ మరియొక పూట పూరించుకొనును. 2006లో జరిగిన వేరొక పరీక్షలో, సూపు పూర్తిగా త్రాగుమని పలుమార్లు ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు తక్కువగా త్రాగిరి.

మన గ్రామములలో

షికాగోలోని పళ్లెము నిండుగా నుండెను. పేద ఇంటి పళ్లెము అట్లుండదు. అక్కడ బిడ్డను దాని ఇష్టమునకు వదలుట చాలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నాటి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామములలో తల్లులతో జరిపిన పరిశోధన ఫలితములు 2013లో వెలువడెను. బిడ్డకు మూడవ నెల మొదలుకొని పదునైదవ నెల వరకు ఇండ్లకు వెళ్లి, ఏ ఆహారము ఎప్పుడు పెట్టవలెనో కొందరికి బోధించిరి. మరికొందరికి దానితోపాటు బిడ్డ ఆకలి సైగలను గమనించుచు తినిపించుట, ఆడించుట కూడ నేర్పిరి. ఈ రెండు వర్గముల బిడ్డలును ఇతరులకంటె మేలైన ఆహారము తినిరి. ఆహారమును గూర్చి మాత్రమే బోధించిన వర్గములో ఎత్తు ఎదుగుదల కొంత మెరుగుపడెను. మానసిక వికాస పరీక్షలలో రెండవ వర్గమువారు ముందుండిరి.

ఎల్లిన్ సాటర్ అను అమెరికన్ పోషకాహార నిపుణురాలు 1980 తరువాత ఈ బాధ్యతలను స్పష్టముగా విభజించెను. ఏమి పెట్టవలెనో, ఎప్పుడు, ఎక్కడ పెట్టవలెనో పెద్దలు నిర్ణయింపవలెను. తినుటయా మానుటయా, ఎంత తినుట అనునవి బిడ్డకు వదలవలెను. బిడ్డ బరువు పెరుగుట ఆగినను, జ్వరముగాని విరేచనములుగాని ఉండి తిండి మానినను, పాలిపోయి మందకొడిగా నున్నను వైద్యునికి చూపవలెను. తక్కిన వేళలలో బిడ్డ ముఖము త్రిప్పుకొన్నచో, ఇక చాలునని అర్థము చేసికొని పళ్లెము తీసివేయవచ్చును. మరుసటి పూటకు అదే కూరను మరల కొద్దిగా వడ్డించుటయే తల్లి చేయవలసిన పని.