పటములలోని చెరువులు

శాసనములు చదువుటయు, తాళపత్రములు పరిష్కరించుటయు చరిత్రవిద్య యని మనవారెరుగుదురు. దేశపటమును గూడ చరిత్రాధారముగా చదువవలెనను తలంపు మాత్రము మనలో నింకను వేరూనలేదు. మన బడులలో పటము గోడకు వ్రేలాడును. బాలురు రాజధానుల పేర్లు వల్లింతురు. అంతటితో దాని పని తీరినది.

మేడ్చలునకు ఉత్తరమున, నాగపురము పోవు రాజమార్గముపై నున్న అత్వెల్లిని తీసికొందము. ఇట్టి ఊళ్లకు రాజవంశావళు లుండవు. తెలంగాణపు పల్లెచరిత్రము చాలవరకు చెరువులోను, దాని కట్ట, తూము, అలుగులలోను, క్రింది ఆయకట్టులోను ఉన్నది. నగరము ఇటు ప్రాకి, పొలములు ఇండ్లస్థలములైన కొలది ఆ చరిత్రము చెరగిపోవుచున్నది.

చెరగినదానిని మరల చదువుటకు పటములు కావలెను. అమెరికాలోని ఆస్టిన్ నగరమున టెక్సాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు, ఆ దేశపు సైన్యము 1950ల నుండి ముద్రించిన భారతదేశ పటముల శ్రేణిని అంతర్జాలమున ఉచితముగా చూపుచున్నారు. వాని పరిమాణము 1:2,50,000. అనగా అరకిలోమీటరు వెడల్పుగల చెరువు కాగితముపై రెండు మిల్లీమీటర్లే. చెరువున్నదని తెలియును గాని ఎల్ల తెలియదు. ఎల్లకు సర్వే ఆఫ్ ఇండియావారి మైలునకు అంగుళము పటము కావలెను; అందు ఆ చెరువే ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్లగును. మేడ్చలు, శామీరుపేటలు వారి 56 కె అను భాగములోనివి.

ఇక ఆకాశచిత్రములు. 1960 మొదలు 1972 వరకు అమెరికావారి కరోనా మొదలగు గూఢచారి ఉపగ్రహములు తీసిన చిత్రములు ఎనిమిది లక్షలకు పైబడి 1995లో బహిరంగమైనవి. క్షిపణులను వెదకబోయిన కన్నునకు లోకములోని పొలములును, చెరువులును గూడ చిక్కినవి! విమానమునుండి తీసిన చిత్రములలో మరియొక సౌలభ్యము గలదు: ఒకదానిపై నొకటి నూటికి అరువదిపాళ్లు కలియునట్లు తీయుదురు గావున, జంటచిత్రములను తగిన అద్దములలో చూచినచో పల్లము, మెరక కన్నులకు కట్టును.

చదువుటలో నొక మెలకువ వలయును. నీరు సాధారణముగా నల్లగా పడును. కాని వేసవినాటి చిత్రములో మన చెరువు ఉత్త బీడువలె నుండును. నీరు లేదని చెరువు లేదనరాదు. పల్లమునకడ్డముగా వంగిన గీత కట్ట. దాని దిగువ విసనకర్రవలె విప్పుకొన్న మడులు ఆయకట్టు. వీనిని చూచి చెరువును గుర్తింపవలెను.

ఇది పండితుల వినోదము కాదు. ఆయుష్కాలపు కూడబెట్టు సొమ్ముతో గృహస్థు కొన్న స్థలము శిఖము భూమియైనచో, దస్తావేజు ఎంత చక్కగా నున్నను వాన దానిని చదువదు. 2020 అక్టోబరులో హైదరాబాదున చెరువులు పొంగి ఎన్ని ఇండ్లు మునిగెనో మనము చూచితిమి. ఐనను మన ప్రభుత్వము చిరకాలము పెద్దపటములను రక్షణవిషయమని దాచినది. 2005లో కొంతయు, 2021లో విశేషముగను ఆ కట్టుబాట్లు సడలినవి. మన ఊరి చెరువు మన పట్టణములో కంటె ఆస్టినులో సులభముగా కనబడుట మాకు సిగ్గుగనే యున్నది. మన విశ్వవిద్యాలయముల పటమందిరములు విద్యార్థులకే గాక గృహస్థులకును, గృహిణులకును తెరచియుండవలెను.

అట్టిచోటికి పోవువారు సర్వే నంబరు వ్రాసికొని పోవలెను. మొదట రెవెన్యూవారి గ్రామనక్షాయు, సేత్వారును చూచి, పిమ్మట అంగుళపు పటము నడుగవలెను. ఆపైని వేసవిలో నొకటి, వానలు వెలిసినవెనుక నొకటి తీసిన రెండు చిత్రములు.