ఒకే ఇంట్లో ఇద్దరు దీపలు

2020 ప్రాంతంలో నాందేడ్‌లో మా ఇంట్లో సాయంత్రాలు రెండు భాషల్లో నడిచేవి. ఏడున్నర అయిందంటే అమ్మ ‘కార్తీక దీపం’ పెట్టేది. ఆమె చూడటం అయ్యాక రిమోట్ వదిన చేతికి వచ్చేది. వదిన చూసేది స్టార్ ప్రవాహ్‌లో ‘రంగ్ మాఝా వేగళా’. అమ్మది ధర్మాబాద్, అది దాటితే బాసర. వదినది లాతూర్, తెలుగు మా ఇంటికొచ్చాకే నేర్చుకుంది. ఒకరోజు అమ్మ కూరగాయలు తరుగుతూ తలెత్తి అడిగింది: ‘‘నా దీపా, నీ దీపా ఒక్కతేనా బిడ్డా?’’

‘‘హో ఆయీ, కథ ఒకటే. నవరా, అదే మొగుడి పేరు కూడా కార్తీకే’’ అంది వదిన.

నిజంగానే కథా ఒకటే, నాయిక దీపా ఒకటే. 2014లో మలయాళంలో ఏషియానెట్ ప్రసారం చేసిన ‘కరుత్తముత్తు’ రెండింటికీ మూలం. అది 2017లో తెలుగుకొచ్చింది, 2019లో మరాఠీకి వెళ్లింది. సీరియళ్ల మీద ఏళ్లుగా రాస్తున్నాను కాబట్టి ఈ సంగతి నాకు కొత్త కాదు. కానీ ఒకే గదిలో, ఒకే మంచం మీద కూర్చుని అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే దీప కోసం రెండు భాషల్లో కన్నీళ్లు పెట్టుకోవడం చూశాక, అసలీ సీరియల్ అనే రూపం ఎక్కడ పుట్టి మా ఇంటిదాకా ఎలా వచ్చిందో మొదటినుంచీ చెప్పాలనిపించింది.

పుట్టింది రేడియోలో. 1930లో షికాగోలో ఇర్నా ఫిలిప్స్ అనే రచయిత్రి ఆడవాళ్ల కోసం ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అనే రోజువారీ కథ మొదలుపెట్టింది. ఆ తరహా కథలకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టడంతో ‘సోప్ ఒపెరా’ అనే పేరు పడింది. ఇది చాలామందికి తెలిసిందే. మన దేశానికి సీరియల్ వచ్చిన దారి మాత్రం వేరు. అది లాటిన్ అమెరికా మీదుగా వచ్చింది.

1969లో పెరూ టీవీలో ‘సింప్లెమెంతె మరియా’ అనే సీరియల్ వచ్చింది. అర్జెంటీనా కథకు అది రీమేక్. అంటే ఒకచోట పండిన కథను ఇంకోచోట నాటుకోవడం అప్పటికే ఉంది. మరియా పల్లె నుంచి పట్నానికి వచ్చి పాచిపని చేసుకునే పిల్ల. రాత్రిబడిలో చదువుకుంటుంది, సింగర్ మిషన్ మీద కుట్టు నేర్చుకుంటుంది, చివరికి పెద్ద డ్రెస్ డిజైనర్ అవుతుంది. ఆ సీరియల్ నడిచిన దేశాల్లో ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు కుట్టు క్లాసుల్లో, అక్షరాల క్లాసుల్లో చేరారు. సింగర్ మిషన్లు విపరీతంగా అమ్ముడుపోయాయి. మరియా పెళ్లి ఎపిసోడ్ తీస్తుంటే లిమాలో చర్చి దగ్గరికి 10,000 మంది దాకా వచ్చారని చెబుతారు, నిజంగా పెళ్లికొచ్చినట్టు.

మెక్సికోలో మిగెల్ సబీదో అనే రంగస్థల దర్శకుడు దీన్ని గమనించాడు. అనుకోకుండా జరిగినదాన్ని అనుకుని చేయలేమా అని ఆలోచించాడు. ఆయన పద్ధతిలో మూడు రకాల పాత్రలుంటాయి: మంచి దారిలో ఉన్నవాళ్లు, చెడ్డ దారిలో ఉన్నవాళ్లు, ఎటూ తేల్చుకోలేక మధ్యలో ఊగిసలాడేవాళ్లు. కథంతా ఈ మూడో మనిషిది. చూసేవాళ్లు తమను తాము పోల్చుకునేది ఈ మనిషితోనే. అతను తడబడి, దెబ్బతిని, మెల్లగా మారితే వాళ్లూ కదులుతారని సబీదో నమ్మాడు. 1975లో వయోజన విద్య కోసం ‘వెన్ కొన్‌మీగో’ తీశాడు. అక్షరాల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయో ఒక ఎపిసోడ్‌లో చెబితే, మర్నాడు మెక్సికో సిటీలోని ఆ కార్యాలయానికి 25,000 మంది వచ్చారని ఆ పద్ధతి గురించి రాసినవాళ్లంతా ఉదహరిస్తారు. 1977లో కుటుంబ నియంత్రణ మీద ‘అకొంపాన్యమె’ వచ్చింది.

1982లో మన సమాచార ప్రసార శాఖ మంత్రి, మహారాష్ట్రకు చెందిన వసంత్ సాఠే మెక్సికో వెళ్లి ఈ ఆలోచనను వెంట తెచ్చారు. మనోహర్ శ్యామ్ జోషీ రాశారు, పి. కుమార్ వాసుదేవ్ తీశారు. 1984 జులై 7న దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ మొదలైంది. తాగుబోతు బసేసర్ రామ్, అన్నీ దిగమింగుకునే భార్య భగవంతి, బడ్కీ, మఝ్లీ, ఛుట్కీ, లల్లూ, నన్హే. ఎపిసోడ్ చివర అశోక్ కుమార్ వచ్చి చూసినవాళ్లతో రెండు మాటలు మాట్లాడేవారు. మొదటి 13 ఎపిసోడ్లలో కుటుంబ నియంత్రణ పాఠాలు ఎక్కువై జనం విసుక్కుంటే, పాఠం తగ్గించి కథ పెంచారు. స్పాన్సర్ మ్యాగీ నూడుల్స్. లిమాలో కుట్టుమిషన్‌కు పట్టిన యోగమే ఇక్కడ నూడుల్స్‌కు పట్టింది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టిన విషయం తర్వాత బయటపడింది. అరవింద్ సింఘల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు ఈ సీరియల్ ప్రేక్షకులను అధ్యయనం చేశారు. ఇలా బతకకూడదని చూపించడానికి అల్లిన పాత్ర భగవంతి. మొగుడు తిట్టినా, అత్త సాధించినా నోరెత్తదు. ఆమెను చూసి ఆడవాళ్లు మేలుకుంటారనుకున్నారు. కానీ చాలామంది, వాళ్లలో ఆడవాళ్లు కూడా, ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారు! ఓర్చుకునే ఇల్లాలంటే ఇలా ఉండాలన్నారు. మన ఛానెళ్లు ఆ తర్వాత కట్టిన భవనమంతా ఈ పునాది మీదే లేచిందని నా అభిప్రాయం. హెచ్చరికగా పుట్టిన భగవంతి హీరోయిన్ అయింది. ఆమె ఎంత ఓర్చుకుంటే అన్ని ఎపిసోడ్లు.

అయినా ‘హమ్ లోగ్’ రోజుల్లో ఒక గొప్ప సౌకర్యం ఉండేది: ఉత్తరం. అది నడిచిన 17 నెలల్లో నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. బడ్కీ పెళ్లి ప్రసారమైన రోజు ఉత్తరాదిలో చాలాచోట్ల దుకాణాలు ముందే మూసేశారు, కొత్త దంపతులకు శుభాకాంక్షల టెలిగ్రాములు పంపారు. చూసేవాళ్ల స్పందనను బట్టి జోషీ కథను మలుచుకుంటూ పోయారు. సినిమా విమర్శ సినిమా అయిపోయాక వస్తుంది. సీరియల్ ఇంకా రాస్తుండగానే విమర్శ చేరగలదు.

ఉత్తరంగా వచ్చే ఇలాంటి విమర్శ ఎంత పని చేయగలదో నాందేడ్ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదంటాను. ఇక్కడి పీపుల్స్ కాలేజీలో పాఠాలు చెప్పి, దానికి ప్రిన్సిపాల్ కూడా అయిన నరహర్ కురుందకర్ మరాఠీ విమర్శలో పెద్ద పేరు. రంజిత్ దేశాయ్ శివాజీ మీద రాసిన ‘శ్రీమాన్ యోగి’ తెరిస్తే ముందు కనిపించేది కురుందకర్ ఆయనకు రాసిన సుదీర్ఘమైన ఉత్తరమే. 1982లో, యాభై నిండకుండానే కురుందకర్ పోయారు. మన సీరియల్ ఇంకా పుట్టలేదు. ఆయన భగవంతిని చూసి ఉంటే ఏమనేవారో అని తరచూ అనుకుంటాను.

తెలుగులో సాటిలైట్ ఛానెళ్లు 1995లో వచ్చాయి, ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ. దూరదర్శన్‌లో మంజులా నాయుడు తీసిన ‘ఋతురాగాలు’ రోజువారీ సీరియల్‌ను ఇంటింటి అలవాటు చేసింది. తర్వాత ఆమే జెమినిలో ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ ఇచ్చారు. ఆ సీరియళ్లలో మనుషులు తప్పులు చేసేవాళ్లు, సిగ్గుపడేవాళ్లు, మారేవాళ్లు. 2000లో రామోజీ ఫిల్మ్ సిటీ నుంచే ఈటీవీ మరాఠీ మొదలైంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న మా ఊరికి, మరాఠీ కథలు మళ్లీ హైదరాబాద్ నుంచి రావడం వింతగా ఏమీ అనిపించలేదు.

ఈలోగా ఉత్తరాల స్థానంలోకి మీటరు వచ్చింది. 2015 నుంచి బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి గురువారం గురువారం అంకెలు ఇస్తోంది. ఎంతమంది చూశారో అది చెబుతుంది. అమ్మ ఏడ్చిందో, విసుక్కుందో, టీవీ వదిలేసి పొయ్యి దగ్గరికి వెళ్లిందో దానికి తెలియదు.

‘కార్తీక దీపం’ మీద నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. నల్లగా ఉన్నందుకు చిన్నచూపు చూసే లోకాన్ని ప్రశ్నించే కథ అది. తెలుగులోనూ మరాఠీలోనూ ఆ పాత్రకు తీసుకున్న నటి ఒంటికి నల్ల మేకప్ పూశారు. సహజంగా నల్లగా ఉండే అమ్మాయికి ఆ అవకాశం ఇవ్వకుండా ఈ కథ చెప్పడం నాకు మింగుడుపడదు. తెలుగులో దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ నటనను మాత్రం తక్కువ చేయను. వంటలక్క అని అందరూ పిలుచుకునే దీపకు ఆమె ఇచ్చిన ఆత్మాభిమానం రాతలో లేదు, ఆమె చూపులో ఉంది. ఇక డాక్టర్ బాబు. భార్యను అనుమానించే కార్తీక్ అచ్చంగా సబీదో చెప్పిన మధ్య మనిషి. అతను మారడమే కథ కావాలి. అంకెలు పడిపోతాయన్న భయంతోనేమో, ఏళ్ల తరబడి అతన్ని మారనివ్వలేదు. 1,569 ఎపిసోడ్లకు 2023 జనవరిలో ఆ సీరియల్ ఆగింది.

దానికన్నా నాకు ‘ఇంటింటి గృహలక్ష్మి’ తొలి నెలలు నచ్చాయి. అదీ రీమేకే, బెంగాలీ ‘శ్రీమొయీ’ నుంచి. మరాఠీలో ‘ఆయి కుఠే కాయ్ కర్తే’. వాటి నాయికలు తులసి, అరుంధతి ఇద్దరూ భగవంతిలాగే మొదలవుతారు. ఇంటికి చాకిరీ చేసి, మొగుడి మోసం చూసి, అప్పుడు లేచి నిలబడతారు. అది చూసిన రోజు వదిన భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మ పట్టు మాత్రం దీప మీదే. ఒక రాత్రి కార్తీక్ మళ్లీ అదే అనుమానంతో ముఖం తిప్పుకున్నాడు. ‘‘పెద్ద డాక్టరంటడు, ఇంకో దవాఖానకు పోయి ఒక్క పరీక్ష చేయించుకుంటే అయిపోదా? రాసేటాయనకు ఎవరన్నా చెప్పరాదా?’’ అంది. ఎక్కడికి రాయాలో అడ్రస్ ఇమ్మని నన్ను అడిగింది. మర్నాడు సీరియల్ మొదలవుతుంటే కళ్లజోడు పెట్టుకుని టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంది. పేర్లు ఒకదాని వెంట ఒకటి గబగబా వెళ్లిపోయాయి. రాసినవాళ్ల పేరు దాటిపోయిందా అని వదినను అడిగింది.