చేవ్రాత వ్యాసపరీక్ష: నాడును నేడును

పెద్దతిప్పసముద్రం నుండి మదనపల్లెకు పోయి చదువుకొను విద్యార్థి నేడు దరఖాస్తును కంప్యూటరుమీదనే నింపుచున్నాడు. పాఠమును ఫోనులో వినుచున్నాడు. ఇంజనీరింగు ప్రవేశమునకు ఆంధ్రప్రదేశములో ఎంసెట్ పేరుతో జరిగిన పరీక్ష 2017లోనే కాగితమును విడిచి తెరపైకి ఎక్కినది. అయినను అతడే సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షకు కూర్చున్ననాడు కలము పట్టక తప్పదు. అందు వ్యాసపత్రమునకు 250 మార్కులు. మూడు గంటలలో రెండు వ్యాసములు, ఒక్కొక్కటి 1000 మొదలు 1200 మాటల వరకు వ్రాయవలెను. చేతికి అలవాటు తప్పిన పనిమీద బ్రతుకుతెరువు ఆధారపడియున్నది.

ఈ పద్ధతి మనకు అనాదిగా వచ్చినది కాదు. మన పూర్వుల విద్యకు పరీక్ష నోటితోనే జరిగెడిది. అడుగువాడును చెప్పువాడును ఎదురెదురుగా కూర్చుండెడివారు. వీథిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దించినది వ్రాత నేర్పుటకే గాని దానితో యోగ్యత తేల్చుటకు కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసిన తరువాతనే ప్రశ్న అచ్చువేయువాడొకచోట, వ్రాయువాడొకచోట, దిద్దువాడు మరియొకచోట ఉండు ఏర్పాటు మన ప్రాంతమున నాటుకొన్నది. ముఖము చూడని పరీక్షకుని ముందు విద్యార్థికి చేవ్రాతయే ముఖమైనది.

తెలుగు వ్యాసము విషయములో అసలు కథ 1910 తరువాత నడచినది. అంతవరకు ఎక్కువగా వ్యాకరణము, అనువాదము, పద్యములకు తాత్పర్యము వ్రాసి గట్టెక్కిన విద్యార్థి, ఇక స్వంత ఆలోచనను స్వంత వాక్యములలో పెట్టవలసి వచ్చినది. అట్లయిన ఏ భాషలో? గ్రాంథికమే వ్రాయవలెనని జయంతి రామయ్య పంతులుగారి పక్షము. ఆ పక్షమునకు 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు అండగా నిలిచినది. నిత్యము నోట నలుగు శిష్టభాషలో వ్రాయనిండని గిడుగు రామమూర్తి పంతులుగారు 1913లో ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపన పత్రమునే ప్రకటించినారు. గ్రాంథికమును విధించు పండితులే దానిని తప్పులు లేక వ్రాయలేకున్నారని ఆయన చూపిన నిదర్శనములు ఎదిరిపక్షమునకు మింగుడు పడలేదు. విశ్వవిద్యాలయపు ఉపసంఘము గ్రాంథికమునకే మొగ్గగా, సభ్యులైన గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రము సమర్పించినారు.

ఇది పండితుల పంతముగా మాత్రమే కొందరు తలతురు. నా దృష్టిలో దీని బరువంతయు పరీక్షశాలలోని పిల్లవానిపై పడినది. గడియారము నడచుచుండగా తాను ఇంట మాటాడని క్రియారూపములను వెదకికొనుచు వ్రాయువానికి ఆలోచించుటకు తీరిక ఏది? గురజాడవారు 1915లో కీర్తిశేషులైనారు. ఆ సంవత్సరమే అనీబిసెంటు చొరవతో మదనపల్లెలో కళాశాల ఏర్పడి ఈ మెట్టప్రాంతపు పిల్లలకు పై చదువు దగ్గరైనది. (అన్నట్లు, 1895లో ఆ మదనపల్లెలోనే జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు లండనులో మెట్రిక్యులేషను గట్టెక్కలేకపోయినారు. పరీక్షలు పట్టుకొనలేని మనుష్యులును ఉందురు.)

నాటి విద్యార్థికి చేయి సిద్ధము, భాష అడ్డము. నేటివానికి భాష చేరువైనది, చేయి మొరాయించుచున్నది. తెలుగును ఆంగ్లలిపిలో కొట్టి యంత్రముచేత తెలుగు అక్షరములు పుట్టించుకొనుటకు అలవడినవానికి ఒత్తు ఎచట వచ్చునో కంటికి తెలియునే గాని వ్రేళ్లకు తోచదు. తెరమీద మొదట ముగింపు వ్రాసి పిదప ఆరంభము చేర్చవచ్చును. కాగితముమీద కొట్టివేతలే మిగులును. కావున కలము కదలకముందే వ్యాసపు నడక మనస్సులో కుదరవలెను. ప్రశ్న చదివిన వెంటనే పది పదునైదు నిమిషములు చిత్తుపుటపై క్రమము వేసికొనుట కాలహరణము కాదు.

తెలుగులో వ్రాయువారికి మరియొక చిక్కు కలదు. ఆంగ్లములో నాలుగైదు మాటలు పట్టు భావము మనకు ‘వెళ్లవలసివచ్చినప్పటికిని’ అను ఒక్క మాటలో ఇముడును. మాటల లెక్క ఒకటే అయినను చేతికి శ్రమ ఒకటి కాదు. ఇంటివద్ద గడియారము పెట్టుకొని, తన చేయి గంటకు ఎన్ని తెలుగు మాటలు వ్రాయగలదో ముందుగా కొలుచుకొనవలెను. మొదట అరగంట, కొన్ని వారములకు గంట, చివరకు మూడు గంటలు ఏకధాటిగా వ్రాయుట అలవరచుకొనవలెను. మూడవ గంటలో అక్షరము ఎట్లు చెదరుచున్నదో పెద్దవారికెవరికైనను ఆ కాగితము చూపి తెలిసికొనుట మేలు. శ్రీకాకుళము జిల్లా పల్లెటూరివారైన రోణంకి గోపాలకృష్ణగారు 2016వ సంవత్సరపు సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులోనే వ్రాసి దేశములో మూడవ స్థానము పొందినారు. గిడుగువారిదియు ఆ సీమయే.